పడవ ఎక్కాక ఎవరి మాట చెల్లాలి?

ఒడిశాలోని గంజాం జిల్లాలో, గోపాల్‌పూర్‌కీ సోనాపూర్‌కీ మధ్య ఉన్న ఒక వాడబలిజ మత్స్యకారుల పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దన్నారు. రాసినవారికి 27 ఏళ్లు. తండ్రికి సొంత ఫైబర్ బోటు, దానికి ఔట్‌బోర్డు ఇంజను ఉన్నాయి. ఈయన కొన్నాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో, సరదాకి చేపలు పట్టడానికి వచ్చే టూరిస్టులను సముద్రంలోకి తీసుకెళ్లే బోటు మీద సహాయకుడిగా చేశారు. తల్లికి ఒంట్లో బాగోలేక తిరిగొచ్చి, గోపాల్‌పూర్‌లో ఒక హోటల్లో చేరారు. అండమాన్‌లో చూసిన పని మన తీరంలోనూ మొదలుపెట్టాలని ఆశ.

నవంబరులో హోటల్‌కు వచ్చిన ముగ్గురు అతిథులను తండ్రి బోటులో తీసుకెళ్లారు. ఆ ముగ్గురికీ సముద్రం కొత్త. కెరటాలు దాటిన కాసేపటికే ఒకాయనకు వాంతులు పట్టుకున్నాయి. దరికి తీసుకెళ్లమని బతిమాలాడు. మిగతా ఇద్దరూ "డబ్బులిచ్చాం కదా, ఇంకా ఒక్క చేపా పడలేదు, పోనీయండి" అన్నారు. ఈయన వాళ్ల మాటే విన్నారు. గంటలు గడిచాయి. చివరికి ఆ మనిషి సొమ్మసిల్లి పడిపోతే, ఇంజను దగ్గరున్న తండ్రి ఎవరినీ అడక్కుండా బోటు తిప్పేశారు. ఒడ్డుకొచ్చాక ఆ ఇద్దరూ గొడవపెట్టుకుంటే మొత్తం డబ్బు తిరిగిచ్చేసి, ఆ కోపంలో ఊరి జనం ముందే తండ్రి మీద అరిచారు. అప్పటినుంచి తండ్రి మాట్లాడటం లేదు. "సముద్రం మీద బేరాలాడేవాడికి నా బోటు ఇయ్యను" అని మాత్రం తల్లితో అన్నారట.

ఇంతలో హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న బావగారు ఆరుగురు స్నేహితులతో జనవరిలో వస్తానని, అడ్వాన్సు కూడా పంపేశారు. తెల్లవారుజామున బయల్దేరి ముప్పై కిలోమీటర్లు లోపలికెళ్లి కోనాం (వంజరం), ట్యూనా, వీలైతే కొమ్ములాంటి పొడవాటి మూతి ఉండే పెద్ద చేప కొమ్ము కోనాం పట్టి సాయంత్రానికి రావాలని వాళ్ల కోరిక. ఎవరూ ఎప్పుడూ బోటెక్కినవాళ్లు కాదు. వాళ్లిచ్చే డబ్బు, బోటుకు ఒక వారం వేటలో మిగిలేదానికంటే ఎక్కువ. "నాన్నతో పనిలేకుండా వేరేవాళ్ల బోటు మాట్లాడుకోనా? అడ్వాన్సు తిరిగిచ్చి బావ దగ్గర చులకనైపోనా? అసలు నా ఆశే తప్పా?" అని అడుగుతున్నారు.

తమ్ముడూ, ముందు నవంబరు సంగతి తేల్చుకుందాం. ఆ రోజు బోటు తిప్పి మీ నాన్నగారు సరైన పని చేశారు. ఇంకా ముందే తిప్పాల్సింది. ఆ మనిషికి వచ్చింది చిన్న ఇబ్బంది అనుకున్నారు మీరు. బోటు ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది, బోటులోని వస్తువులనే చూస్తున్న కళ్లు కదలిక లేదంటాయి. ఆ రెండూ పొసగక కడుపు తిప్పుతుంది. అలవాటైతే తగ్గుతుంది నిజమే, కానీ ఒకటి రెండు రోజులు పట్టే అలవాటు అది. మీరు తీసుకెళ్లింది పూటకి. నీడ లేని బోటులో ఎండకు కూర్చుని, తాగిన నీళ్లు కూడా నిలవక కక్కుతూ ఉంటే ఒంట్లో నీరూ ఉప్పూ పోయి స్పృహ తప్పుతుంది. అంతకంటే ముందే ఇంకో ప్రమాదం ఉంది. వాంతి చేసుకునేవాడు బోటు అంచు మీదికి వంగుతాడు. కాళ్లలో సత్తువ ఉండదు. ఒక్క కెరటం చాలు.

అందుకని వెళ్లాలనేవాళ్లు ఇద్దరు, వద్దనేవాడు ఒక్కడు అని లెక్కపెట్టడం బోటులో కుదరదు. వద్దనేవాడు ఒక్కడున్నా తిరగాల్సిందే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు టూరిస్టులను ఎక్కించుకోవడం ఇష్టంలేక మాట్లాడటం మానేశారని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించలేదు. ఆయనకు ఇష్టం లేకపోతే నవంబరులో ఇంజను దగ్గర కూర్చునేవారే కాదు. ఆయన అన్నమాట మీరే రాశారు: బేరాలాడేవాడికి బోటు ఇవ్వనన్నారు. దరి దాటాక ఎటు వెళ్లాలో, ఎప్పుడు తిరగాలో డబ్బిచ్చినవాళ్లు చెప్పారు, మీరు తలూపారు. ఆయనకు తగిలింది అది. ఆ పైన, ఆయన చేసిన మంచిపనికి నలుగురి ముందు కొడుకు చేత మాట పడ్డారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఆ తీరంలో గడిపిన మనిషి ఆయన. అలాంటాయన దగ్గర సముద్రం సంగతి మాట్లాడేటప్పుడు హోటల్ భాష పనికిరాదు.

హోటల్లో అతిథి ఏమన్నా 'సరే సార్' అనడం మీ ఉద్యోగం. ఏళ్లు చేస్తే అది నోటికి అలవాటైపోతుంది. ఆ అలవాటును బోటులోకి తీసుకెళ్లారు, నవంబరులో జరిగింది అంతే. పోర్ట్‌బ్లెయిర్‌లో మీరు చూసిన బోట్ల మీద అలా జరగదు కదా. అక్కడ బోటు నడిపేవాడు తిరగాలంటే తిరగడమే. ఎంత డబ్బు పోసి వచ్చినవాడైనా నోరెత్తడు, ఎందుకంటే అడ్వాన్సు కట్టేముందే అతనికి ఆ షరతు తెలుసు. మీరు రాడ్లూ రీళ్లూ గుర్తుపెట్టుకుని వచ్చారు. ఈ సంగతి మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు.

కాబట్టి మొదటి పని క్షమాపణ. దాన్ని బోటు అడగడంతో కలపకండి. "తప్పయిపోయింది నాన్నా, జనవరికి బోటిస్తావా" అంటే ఆయనకు రెండో సగమే వినిపిస్తుంది. వలలు బాగుచేసుకునే వేళ పక్కన కూర్చుని, తిప్పింది నువ్వు కాబట్టి ఆ మనిషి బతికాడు అని చెప్పి ఊరుకోండి. జనం ముందు అన్నారు కాబట్టి, వీలైతే ఆ రోజు అక్కడున్న పెద్దవాళ్లలో ఒకరిద్దరు ఉండగానే చెప్పండి. ఆయన వెంటనే కరిగిపోకపోవచ్చు. బోటు సంగతి ఆ తర్వాత, వేరే రోజున.

ఇక జనవరి. మీ ముందు నాలుగు దారులున్నాయి.

వేరేవాళ్ల బోటు మాట్లాడుకోవడం వీటన్నిటిలోకీ నాకు భయమనిపించే దారి. బోటు ఇచ్చేవాడు కిరాయి కోసం ఇస్తాడు. మీ బావగారి బృందం వెనక్కి తిప్పమంటే డబ్బు పోతుందని అతనూ సందేహిస్తాడు. నవంబరులో మీ నాన్న ఉన్న చోట ఇప్పుడు ఎవరూ ఉండరు. ఏమైనా అయితే ఊళ్లో ఆ ఇంటివాళ్లకూ మీకూ తరాల తగువు. ఏమీ కాకపోయినా, తండ్రిని పక్కనపెట్టి పరాయి బోటు ఎక్కాడన్న మాట మీ పల్లెలో పోదు. అది మీకు నాకంటే బాగా తెలుసు.

రెండోది, అడ్వాన్సు తిరిగిచ్చేయడం. బావగారు నొచ్చుకుంటారు. అక్క ఇంట్లో రెండు మాటలు పడతాయి. అవి భరించగలిగినవే. వాళ్లు బస్సూ రైలూ టికెట్లు కొనకముందే చెబితే సగం కోపం తగ్గుతుంది. ఆలస్యం చేసేకొద్దీ ఈ దారి మూసుకుపోతుంది.

మూడోది, ప్రయాణాన్ని కుదించడం. నాకు దీనిమీదే మొగ్గు ఉంది కాబట్టి వివరంగా చెబుతాను.

ముప్పై కిలోమీటర్లంటే మీ ఇంజనుతో తిరిగి రావడానికే రెండు గంటలకు పైన పడుతుంది. బోటెక్కడం ఎరగని ఏడుగురిలో ఒక్కరికైనా వాంతులవుతాయనుకునే బయల్దేరాలి. అంటే ఆ ఒక్కడు రెండు గంటలపాటు నరకం చూస్తాడు. పైగా అంత దూరంలో సెల్‌ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. అదే ఏడెనిమిది కిలోమీటర్ల లోపల అయితే అరగంట, ముప్పావు గంటలో దరికి చేరుస్తారు. కొత్తవాళ్లకు కొమ్ము కోనాం అక్కర్లేదు తమ్ముడూ. చేతి తాడుకు ఒక కానాగడత తగిలి గుంజితే చాలు, పెద్దవాళ్లు కూడా చిన్నపిల్లల్లా కేకలేస్తారు. వస్తూ వస్తూ బోటు వెనక ఎర లాగించుకుంటూ వస్తే కోనాం పడినా పడవచ్చు. పడకపోయినా ఎవరూ మిమ్మల్ని తిట్టకుండా ఉండాలంటే, చేప పడుతుందని హామీ ఇవ్వబోమని ముందే చెప్పాలి.

ఏడుగురినీ ఒకేసారి ఎక్కించకండి. వాళ్లు ఏడుగురు, మీరు ముగ్గురు, ఐసు పెట్టె, నీళ్ల డబ్బాలు, రాడ్లు. మనిషి కాలు కదపడానికి చోటుండదు. కొత్తవాళ్లు ఒక విడతకు ముగ్గురికి మించవద్దు. మొదటి ముగ్గురు తెల్లవారుజామున వెళ్లి వస్తే, మిగతావాళ్లు మర్నాడూ ఆ మర్నాడూ.

మన తీరంలో అన్నిటికంటే గండం లోతు నీళ్లలో లేదు, దరి దగ్గరే ఉంది. గోపాల్‌పూర్ కెరటాల సంగతి నేను మీకు చెప్పనక్కర్లేదు. అయితే మీకు అలవాటైనవి వాళ్లకు తెలియవని మీరు మర్చిపోతారు. ఇసుక మీద ఉండగానే లైఫ్‌జాకెట్ల పట్టీలన్నీ బిగించండి, మీ చేతులతో లాగి చూడండి. బోటు నీళ్లలోకి తోసేటప్పుడు అతిథులెవరూ సాయం పట్టకూడదు, పక్కకు తిరిగిన బోటు కింద కాలు నలిగేది అప్పుడే. లోపల నడుమ భాగంలో, అడుగున కూర్చోబెట్టండి. అంచుమీద చేతులు వేలాడేయకూడదు. విరిగే కెరటం ఎదురొచ్చినప్పుడు బోటు ముక్కు పైకి లేచి ధబేలుమని పడుతుంది. ఆ క్షణంలో ఫోను పైకెత్తి వీడియో తీస్తూ నిలబడినవాడు నీళ్లలో ఉంటాడు. ఫోన్లన్నీ ఒక మూతబిగిసే డబ్బాలో వేసి, దాటాక ఇవ్వండి. తిరిగొచ్చేటప్పుడు వెనకనుంచి తరిమే కెరటం ఇంకా మోసకారి. ఎప్పుడు ఇంజను పెంచాలో ఎప్పుడు ఆగాలో మీ నాన్నగారి కంటికి తెలుసు. ఆయన లేకుండా వద్దని నేను అనడానికి ఇదొక కారణం.

గేలాల దగ్గర కూడా ఒకటి రెండు మాటలు. పెద్ద చేప గుంజినప్పుడు కొత్తవాడు మొదట చేసే పని, తాడును అరచేతికి చుట్టుకోవడం. సన్నటి అల్లిక తాడు వేలిని ఎముక దాకా కోస్తుంది. చుట్టుకోవద్దని ఒడ్డుమీదే చేసి చూపించండి. బోటులో పడిన చేప దగ్గరికి మీవాళ్లు తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదు. జెల్ల చేప ముల్లు, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే ఆ నొప్పికి మగవాళ్లు కూడా ఏడుస్తారు. ఒంటికి తట్టుకోగలిగినంత వేడినీళ్లలో ఆ చోటును ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఫ్లాస్కులో వేడినీళ్లు ఉంచండి, ఆ తర్వాత ఆసుపత్రికి పంపండి. ట్యూనా పడితే ఫొటోల కోసం ఎండలో పడేయవద్దు. వెంటనే ఐసులో పెట్టకపోతే దానిలో పుట్టే హిస్టమిన్ అనే విషపదార్థం వంటతో కూడా పోదు. తిన్నవాళ్లకు ఒళ్లు ఎర్రబడి దద్దుర్లు, వాంతులు వస్తాయి.

వాంతుల మాత్రల గురించి రాయలేదు మీరు. ఎవరికి ఏది సరిపోతుందో వాళ్ల డాక్టరును అడిగి వేసుకోవాలి, అదీ బోటెక్కడానికి గంటకు పైన ముందే. మొదలయ్యాక వేస్తే మాత్రా బయటికే వస్తుంది. చాలా మాత్రలకు మత్తు ఉంటుంది. మద్యం తాగినవాడు అది వేసుకుంటే ఇంకా ప్రమాదం. రాత్రి తాగి తెల్లారి వచ్చినవాడిని ఎక్కించకండి, బావగారైనా సరే. ఖాళీ కడుపూ మంచిది కాదు, నూనె పూరీలూ మంచివి కావు. రెండు ఇడ్లీలు చాలు.

నాలుగో దారి, ఈ జనవరికి ఆపి, కాగితాలు సరిచేసుకుని మొదలుపెట్టడం. ఇది మీకు రుచించదు, కానీ చెప్పకపోతే నా మనసు ఒప్పదు. మీ నాన్నగారి బోటుకున్న లైసెన్సు చేపల వేటకు ఇచ్చింది. డబ్బు తీసుకుని మనుషులను తిప్పడానికి అది చాలదు. మత్స్యకారులకు ఉన్న ప్రమాద బీమా, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రాణం పోతే వచ్చే 5 లక్షలు, మీకూ మీ నాన్నకూ వర్తిస్తాయి. హైదరాబాదు నుంచి వచ్చిన అతిథికి వర్తించవు. రేపు ఏదైనా జరిగితే కేసు మీ నాన్నగారి పేరు మీద పడుతుంది, ఇంటికి కూడు పెట్టే బోటు స్టేషను ముందు పడి పాడైపోతుంది. అతిథులను ఎక్కించుకోవాలంటే ఏం కావాలని మత్స్యశాఖ కార్యాలయానికీ మెరైన్ పోలీసులకూ అర్జీ పెట్టండి. ఒడియాలో రాయించి, అందినట్టు ముద్ర వేయించుకోండి. వాళ్లు కాదంటే, మూడో దారి కూడా మూసుకుపోయినట్టే. అప్పుడు కిరాయి మాట ఎత్తకుండా బాహుదా నది సముద్రంలో కలిసే మొగకు లోపల, నది గట్టుమీద కూర్చుని పండుగొప్పకు గేలం వేయించే సరదా ఉంది. బావగారి స్నేహితులకు అదీ కొత్తే, ప్రాణభయం లేనిది.

ఇంకో సంగతి. కోనాం బాగా పడుతోందని ఎవరైనా ఉత్తరంగా తీసుకెళ్లమంటే ఋషికుల్య మొగ వైపు పోకండి. గుడ్లుపెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు అక్కడ తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం. జనవరి అందులోనే ఉంటుంది. మీ వైపు కూడా తాబేలు గేలానికి తగిలితే పైకి లాగి ఫొటోలు దిగకుండా, తాడు కోసి వదిలేయాలి. అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. యంత్రపు బోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, మీ బోటుకు అది వర్తిస్తుందో లేదో కనుక్కోండి. కాబట్టి మీకు దొరికే మంచి రోజులు కొద్దే. వాటిలోనూ వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెప్పే కెరటాల ఎత్తు, ఈ రెండూ చూశాకే బయల్దేరాలి. ఆ రెండూ బాగున్నా మీ నాన్నగారు ఆకాశం చూసి వద్దంటే వద్దు. కోస్ట్‌గార్డు నంబరు 1554 బోటులో ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఎన్ని గంటలకు వెళ్లారో, ఎన్నింటికల్లా రావాలో ఒడ్డున ఒక మనిషికి చెప్పి వెళ్లండి.

మీ ఆశ తప్పా అని అడిగారు. కాదు. వేట గిట్టక మన పల్లెల కుర్రాళ్లు చెన్నైకీ అండమాన్‌కూ గుజరాత్ రేవులకూ వెళ్లిపోతున్న కాలంలో, ఉన్న ఊళ్లోనే, తండ్రికి తెలిసిన విద్యకు విలువ తెచ్చే పని చేయాలనుకున్నారు. ఆయన గాలి చూసి చెప్పే మాటకే ఆ అతిథులు నిజానికి డబ్బిస్తున్నారు. రాడ్డూ రీలూ డబ్బుంటే ఎవరైనా కొంటారు. అందుకని ఆయన్ను బోటు ఇచ్చే మనిషిగా చూడకండి. సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, ఆయనే; అతిథులను చూసుకునేది మీరు. అతిథులతో మాట్లాడేది మీరే అయినా, తిరగడం విషయంలో ఆఖరి మాట ఆయనది.

ఆయన మీతో మాట్లాడటం మొదలుపెట్టాక ఒక కాగితం తీసుకుని ఆయన దగ్గర కూర్చోండి. ఎన్ని బారల లోతు దాటకూడదు, ఏ గాలికి బయల్దేరకూడదు, ఒడ్డెక్కాక ఎవరికి ఎంత, ఎవరిని ఎక్కించుకోకూడదు అని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి. గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు రాకూడదన్నది నా తరఫున చేర్చండి. ఒక్కరు తిరగమన్నా, సరంగు తిరగాలన్నా బోటు తిరుగుతుంది, సగం డబ్బు మాత్రమే వెనక్కి వస్తుంది అన్నది అన్నిటికంటే పైన రాయండి. సగమా, పావా అన్నది మీరూ ఆయనా తేల్చుకోండి, నవంబరులోలా మొత్తం మాత్రం ఇవ్వవద్దు. మొత్తం తిరిగిస్తామంటే, తిరగాల్సి వచ్చినప్పుడల్లా మీ చెయ్యే వెనకాడుతుంది. ఆ కాగితాన్ని ఫొటో తీసి బావగారికి పంపండి. కార్యాలయం నుంచి సరేనన్న మాట వచ్చి, ఆ ఏడుగురూ ఈ షరతులకు ఒప్పుకుంటేనే అడ్వాన్సు ఉంచుకోండి. రెండింట్లో ఏది కుదరకపోయినా, వాళ్లు టికెట్లు కొనేలోపే డబ్బు వెనక్కి పంపేయండి.